టైరుకి వంద బైసాలు

ఇసుక మొదలయ్యే చోట ఆఖరి దుకాణం నాది.
బిదియాలో తారు రోడ్డు ఇక్కడ
నాలుక చాపి పడుకుంటుంది.
నేను గాలి అమ్ముకుంటాను.
లోపలికి వెళ్ళేవాళ్ళు ఊరికే వదిలేసి పోతారు,
తిరిగొచ్చేవాళ్ళు డబ్బిచ్చి కొనుక్కుంటారు.

రోజుకు పదిమంది అడుగుతారు:
పాత బండి గొప్పదా, కొత్తదా?
చేతికి గ్రీజున్నవాడికి అన్నీ తెలుసనుకుంటారు.

జువైనా పికప్‌కి ముప్పై అయిదేళ్ళు.
రంగు ఎప్పుడో ఎండ తినేసింది.
తలుపుకి గొళ్ళెం బదులు ఒంటె తాడు.
నాలుగు చక్రాలూ కలవాలంటే
కిందికి దిగి, ముందు చక్రాల బొడ్లు రెండూ తిప్పాలి,
మళ్ళీ ఎక్కి, ఆ పొట్టి కడ్డీని
మొండి మేక కొమ్ము పట్టినట్టు పట్టి లాగాలి.
ఆ పని చేస్తూనే ఆమె
ఫోన్లో కోడలితో పోట్లాడగలదు.

మనవడు ముసల్లం కొత్తది కొన్నాడు.
వారంటీ అయిదేళ్ళు, అప్పు ఏడేళ్ళు.
అందులో ఒక గుండ్రటి మీట:
ఇసుక, బురద, రాయి, మంచు.
మంచు దగ్గర జువైనా వేలు ఆగింది.
"దీనికి కూడా డబ్బు కట్టావా?"

జూన్‌లో గాలి దిక్కు మారి
దిబ్బల అంచులన్నీ రాత్రికి రాత్రే తిరగబడ్డాయి.
లోపలి మకాంలో నీళ్ళు అడుగంటాయని కబురు.
రెండు బండ్లూ బయల్దేరాయి.
పాతదాని వెనక, డ్రమ్ముల మధ్య, నేను.

మూడో దిబ్బ నడుమున కొత్తది ఆగిపోయింది.
చక్రం జారిందనుకుంటే తనే బ్రేకు వేస్తుంది,
కుర్రాడు తొక్కేకొద్దీ అది తగ్గిస్తుంది.
తెరమీద మాత్రం
నాలుగు భాషల్లో మర్యాదగా క్షమాపణ.
పొట్టదాకా దిగింది.
జువైనా నవ్వలేదు.
ఖర్జూరపు గింజ ఒకటి తీసి
వాల్వు మీద అదిమిపెట్టి కూచుంది.
బుస్సుమంది.
"అవ్వ గాలి తీసేస్తోంది" అని
మూతి ముడిచాడు ముసల్లం,
ఏ గాలో చెప్పకుండా.

ముప్పై అయిదు నుంచి పదిహేనుకి.
మీటరేమీ లేదు ఆమె దగ్గర,
టైరు ఒంటె అరికాలిలా పరుచుకునేదాకా చూసింది, అంతే.
మీటని ఇసుక మీదికి తిప్పించింది.
కొత్తది లేచింది,
నెయ్యిలోంచి వేలు తీసినంత సుళువుగా.
పాతది వెనకాలే మూలుగుతూ వచ్చి
దిబ్బ తలమీద ఆవిరి కక్కింది,
పావుగంటసేపు మూత ముట్టనివ్వలేదు.

నిజం చెప్పాలి కదా.
తిరుగుదారిలో, వాదీ రాళ్ళలో
పాతదాని చక్రం ఒకటి గాల్లో వేలాడుతూ
ఉన్న బలమంతా వృథాగా తిప్పేసుకుంది.
కొత్తది అలాంటి చక్రాన్ని పట్టి ఆపి
మిగతా మూడింటికీ పంచింది.
ఇసుకలో ముంచిన తెలివే
రాళ్ళలో గట్టెక్కించింది.

అదే కొత్తది, రంజానుకి ముందు,
గోరంత సెన్సారు చచ్చి
మస్కట్ నుంచి లాప్‌టాప్ వచ్చేదాకా
నా దుకాణం ముందు పదకొండు రోజులు.
పాతదాని పెట్రోలు ట్యాంకు చిల్లుకి
నేనొక సబ్బుముక్క అద్దాను ఎప్పుడో.
ఇప్పటికీ అదే సబ్బు.

"పాతవే మేలు" అన్నాడొకడు టీ తాగుతూ.
జువైనా గ్లాసు కింద పెట్టింది.
"మా తమ్ముడు హుమైద్ దిబ్బ అంచున పొర్లాడు,
ఇలాంటి దాంట్లోనే.
పట్టీ లేదు. నెత్తిన కడ్డీ లేదు.
దాని కింద పడనివాళ్ళే
దాన్ని పొగుడుతారు."

నిన్న కొత్తదాని స్టీరింగు ఆమె చేతిలో.
సీటు ముందుకి జరుపుకుంది,
మీట తిప్పి, ఆ టిక్కుకి తలూపింది.
తర్వాత భుజం మీది శాలువా తీసి
తెరమీద కప్పేసింది.
"దీని గోల వద్దు.
కింద ఇసుక ఏమంటోందో విననీ."

చీకటిపడ్డాక రెండూ వచ్చాయి
చప్పిడి కాళ్ళేసుకుని, ఒకదాని వెనక ఒకటి.
పంపు ఆన్ చేశాను.
టైరుకి వంద బైసాలు,
పాతకీ కొత్తకీ ఒకటే రేటు.
జువైనా చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.
ముసల్లం బేరమాడాడు.